కడుపులో బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా: కాన్పు దాకా జాగ్రత్తలు

తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో మాయ (ప్లాసెంటా) ఉంటుంది. ఆక్సిజన్, పోషకాలు దాని గుండానే బిడ్డకు అందుతాయి. వైరస్‌ను మాత్రం అది చాలావరకు ఆపుతుంది. తల్లి రక్తంలో వైరస్ మరీ ఎక్కువగా ఉన్నా, మాయకు ఇన్ఫెక్షన్ వచ్చి వాచినా ఆ అడ్డు బలహీనపడుతుంది. హెచ్ఐవీ ఉన్న తల్లి మందులేవీ వాడకపోతే గర్భం, కాన్పు, చనుబాలు అన్నీ కలిపి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. గర్భంలో సోకేది ఎక్కువగా చివరి నెలల్లోనే. అలాగని అప్పటిదాకా ఆగితే కుదరదు, మందు మొదలుపెట్టాక వైరస్ తగ్గడానికి వారాలు పడుతుంది.

గర్భం అని తెలిసిన వెంటనే హెచ్ఐవీతో పాటు సిఫిలిస్ (లైంగికంగా సోకే మరో జబ్బు) పరీక్ష కూడా చేయించుకోవాలి. సిఫిలిస్ మాయను దెబ్బతీస్తుంది. మొదటిసారి నెగెటివ్ వచ్చిందని ఊరుకోకండి. గర్భంతో ఉండగా కొత్తగా సోకితే మొదటి వారాల్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, బిడ్డకు అదే అన్నిటికన్నా గండం. అందుకే చివరి మూడు నెలల్లో మళ్లీ పరీక్ష. భర్తకూ చేయించాలి, ఆయనకు పాజిటివ్ అయితే కండోమ్ తప్పనిసరి.

పాజిటివ్ అని తేలితే ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణిచే మందులు) ఆ వారమే, వీలైతే ఆ రోజే మొదలవ్వాలి. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. చాలామంది పొరబడేది ఇక్కడే. గర్భిణికి ఎలాగూ ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. పరగడుపున అన్నీ కలిపి మింగేస్తే డోలుటెగ్రావిర్ వాటికి అతుక్కుని ఒంటికి సరిగా పట్టదు. మాత్ర తప్పలేదనే అనుకుంటారు, వైరస్ మాత్రం దిగదు. ఐరన్, కాల్షియం కన్నా 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. కలిపి వేసుకోక తప్పకపోతే భోజనంతో వేసుకోవాలి. గుండెమంటకు వాడే యాంటాసిడ్లకు మాత్రం భోజనంతో అన్న వెసులుబాటు లేదు, ఆ 2, 6 గంటల ఎడం పాటించాల్సిందే. వేవిళ్లు ఉంటే వాంతులు తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతయితే ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. కడుపులో బిడ్డకు మందు పడదేమోనని మధ్యలో మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) చూపించుకుని, కాన్పు పద్ధతి అప్పుడు తేల్చుకోవాలి. మిల్లీలీటరుకు 50 కాపీల లోపుంటే గర్భంలో, కాన్పులో సోకే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. కేవలం హెచ్ఐవీ కోసం సిజేరియన్ అక్కర్లేదు. 1000 దాటితే 38వ వారంలో, నొప్పులు రాకముందే సిజేరియన్ చేయడం మేలు. ఉమ్మనీరు పోతే ఇంట్లో గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉమ్మనీరు తీసే పరీక్ష గానీ, ఉమ్మనీటి సంచిని డాక్టర్లు చీల్చడం గానీ వైరల్ లోడ్ చూశాకే.

పుట్టిన కొన్ని గంటల్లోనే బిడ్డకు మందు పడాలి, సాధారణంగా నెవిరపిన్ సిరప్, 6 వారాలు. బిడ్డకు చేయించాల్సింది వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష. మామూలు యాంటీబాడీ (వైరస్‌పై ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలు) పరీక్షలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే 18 నెలల దాకా పాజిటివ్ చూపించవచ్చు.