యానిమేషన్‌లో ఎఫెక్ట్స్ – స్వయంశిక్షణ, 4వ పాఠం: చెరువులో పడిన రాయి

మూడవ పాఠంలో కొవ్వొత్తి మంటను గీశాం. మంటకు బరువు ఉండదు కనుక దాని ఊగులో లయ కుదిరితే చాలు. ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా చూసేవారికి తెలియదు. నీటి దగ్గర ఆ వెసులుబాటు లేదు. నీటికి బరువు ఉంది, ఆ బరువు తెర మీద కాలం రూపంలోనే కనిపిస్తుంది, కాలం తప్పితే ఎంత అందంగా గీసిన నీరైనా జిగురులా, గుడ్డపీలికలా కనిపిస్తుంది.

ఈ పాఠంలో నిలకడగా ఉన్న చెరువు నీటిలో గుప్పెడంత రాయి పడినప్పుడు లేచే చిందును 48 ఫ్రేములలో, అంటే రెండు సెకన్లలో, మొదట చేతితో గీస్తాం, తరువాత బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్‌గా, అంటే నీటి కదలికను కంప్యూటరే లెక్కగట్టేలా చేస్తాం, చివరకు గట్టున ఒక అబ్బాయి పాత్ర ఉన్న షాట్‌లో కలుపుతాం. ఈ వరుసను తిరగవేయవద్దని ముందే చెబుతున్నాను. సిమ్యులేషన్ ఎప్పుడూ ఏదో ఒక నీటిని ఇస్తుంది. అది మీ షాట్‌కు కావలసిన నీరేనా అని తేల్చవలసింది మీ కన్ను, ఆ కన్ను గీసిన తరువాతే తయారవుతుంది.

ముందు లెక్క

గురుత్వ త్వరణం 9.8 అని బడిలో చదివిందే ఇక్కడ పనికి వస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున చూస్తే, శిఖరం దగ్గర ఒక్క క్షణం ఆగి కిందికి బయలుదేరిన బొట్టు మొదటి ఫ్రేములో సుమారు 0.85 సెంటీమీటరు దిగుతుంది. ఈ దూరాన్ని ఒక పాలు అనుకోండి. రెండో ఫ్రేములో అది 3 పాళ్లు, మూడో ఫ్రేములో 5, ఆ తరువాత 7, 9, 11 పాళ్లు దిగుతుంది. అన్నీ బేసి సంఖ్యలే కనుక గుర్తుపెట్టుకోవడం సులభం. ఆరు ఫ్రేములకు మొత్తం 36 పాళ్లు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. పైకి లేచేటప్పుడు ఇదే వరుస వెనుక నుంచి ముందుకు నడుస్తుంది: మొదట పెద్ద అంగ, శిఖరం దగ్గర చిన్న అంగ.

కాబట్టి 30 సెంటీమీటర్ల ఎత్తు లేచిన బొట్టు ఆరు ఫ్రేములు పైకి, ఆరు ఫ్రేములు కిందికి ప్రయాణిస్తుంది. ఎత్తు నాలుగింతలై 1.2 మీటర్లకు చేరితే కాలం రెండింతలే అవుతుంది, పన్నెండు పైకి, పన్నెండు కిందికి. ఏనుగు నదిలో పడితే లేచే అయిదు మీటర్ల నీటికి సుమారు 24 ఫ్రేములు పైకి, 24 కిందికి పడతాయి. విద్యార్థుల ప్రాజెక్టులలో పెద్ద చిందులు బొమ్మ చిందుల్లా కనిపించడానికి కారణం ఆకారం కాదు, ఈ లెక్కను పట్టించుకోకపోవడమే. నమూనా ఓడలతో సముద్ర దృశ్యాలు తీసిన పాతకాలపు కెమెరామెన్ ఇదే సూత్రంతో కెమెరా వేగం పెంచేవారు: నమూనా అసలులో పదహారో వంతు ఉంటే కాలం నాలుగో వంతు అవుతుంది కనుక సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు తీయాలి. గాలి అడ్డును ఈ లెక్కలో వదిలేశాను. సన్నని తుంపరకు అది లెక్కలోకి వస్తుంది, మన రాయి చిందుకు అంతగా రాదు.

చిందులో ఏమేమి జరుగుతాయి

ఆర్థర్ వర్తింగ్టన్ అనే ఆంగ్ల భౌతిక శాస్త్రవేత్త 1870ల నుంచి చీకటి గదిలో విద్యుత్ మెరుపు వెలుగులో నీటి చిందులను చూసి, కంటికి నిలిచిన రూపాన్ని వెంటనే కాగితం మీద గీసేవారు. ఆ బొమ్మలన్నీ చక్కగా, నాలుగు వైపులా సమంగా ఉండేవి. 1894లో ఫొటోలు తీయగలిగినప్పుడు తేలిందేమంటే, అసలు చిందులు దాదాపు ఎప్పుడూ అసమానంగానే ఉంటాయి. సమానత ఆయన కన్ను కల్పించుకున్నది. అంత నిష్ఠగా చూసినవారి చేయే సమానత వైపు జారిందంటే మన చేయి జారడంలో వింత లేదు. చిందును గీసే ప్రతిసారీ ఒక వైపును కావాలని ఎత్తుగా, మరో వైపును చిరిగినట్లుగా ఉంచడం అలవాటు చేసుకోండి. రాయి ఏటవాలుగా వచ్చి పడితే అది ముందుకు సాగే వైపు నీరు ఎక్కువ లేస్తుంది.

చిందులో రెండు ఘట్టాలు ఉన్నాయి, కొత్తవారు వాటిని కలిపేస్తారు. రాయి తాకగానే దాని చుట్టూ సన్నని నీటి పొర గోడలా లేస్తుంది, దీనిని కిరీటం అందాం. అదే సమయంలో రాయి వెనుక నీటిలో గుంట ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న నీరు ఆ గుంటను పూడ్చడానికి అన్ని వైపుల నుంచి దూసుకువచ్చి మధ్యలో కలుసుకుంటుంది, పోవడానికి మరో దారి లేక పైకి ధారగా చిమ్ముతుంది. ఈ ధార కిరీటం కన్నా ఆలస్యంగా, కిరీటం కన్నా ఎత్తుగా లేస్తుంది. రాయి పడగానే మధ్య నుంచే నీరు ఎగజిమ్మినట్లు గీస్తే, రాయి పడినట్లు కాక నీటి అడుగున ఏదో పేలినట్లు కనిపిస్తుంది.

ఫ్రేముల పంపకం ఇలా చేయండి. 1వ ఫ్రేములో రాయి నీటిని తాకుతుంది. 4వ ఫ్రేముకు కిరీటం ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది, 7వ ఫ్రేముకు కూలిపోతుంది. 6వ ఫ్రేములో, కిరీటం ఇంకా పూర్తిగా పడకముందే, మధ్య నుంచి ధార మొదలవుతుంది; 12వ ఫ్రేముకు 30 సెంటీమీటర్ల శిఖరం, 18వ ఫ్రేముకు తిరిగి నీటిలోకి. ధార కొన తెగి ఒకటి రెండు బొట్లుగా విడిపోతుంది, అవి పడిన చోట చిన్న చిందులు ఒకటి రెండు ఫ్రేములు కనిపించి మాయమవుతాయి. ఆ తరువాత 48వ ఫ్రేము వరకు వలయాలదే పని. నీటి మీద చిన్న అలల శిఖరాలు సెకనుకు సుమారు 23 సెంటీమీటర్ల కంటే నెమ్మదిగా కదలవు, అంటే మన లెక్కలో ఫ్రేముకు దాదాపు ఒక సెంటీమీటరు. వలయాలను ఇంతకన్నా నిదానంగా కదిపితే చెరువు నూనెలా కనిపిస్తుంది.

గీయడం

బ్లెండర్‌లో బొమ్మలు గీసే పరికరమైన గ్రీజ్ పెన్సిల్ తీసుకోండి, పక్క ఫ్రేముల బొమ్మలను లీలగా చూపే ఆనియన్ స్కిన్ వెలిగించి ముందు రెండు ఫ్రేములు, వెనుక రెండు ఫ్రేములు కనిపించేలా పెట్టుకోండి. కాగితం, లైట్ బాక్స్ ఉన్నవారికి అవే చాలు. పాత్ర కదలికలో ఒక బొమ్మను రెండు ఫ్రేములు నిలిపి వాడుకోవచ్చు గానీ, ఈ చిందులో మొదటి 18 ఫ్రేములకు ప్రతి ఫ్రేముకూ ఒక బొమ్మ గీయాలి. మూడు ఫ్రేములలో లేచే కిరీటానికి బొమ్మ సగం తగ్గిస్తే మిగిలేది ఏమీ ఉండదు. వలయాలకు వచ్చేసరికి రెండేసి ఫ్రేములు నిలపవచ్చు.

ముందుగా నీటి మట్టం మీద ఒక దీర్ఘవృత్తం గీయండి. కెమెరా ఎత్తును బట్టి దాని వెడల్పు, నిడివి నిష్పత్తి స్థిరపడుతుంది, వలయం పెద్దదవుతున్నా ఆ నిష్పత్తి మారకూడదు. వలయం పెరిగేకొద్దీ గుండ్రంగా మారిపోవడం నేను విద్యార్థుల పనిలో అన్నిటికన్నా ఎక్కువగా చూసే తప్పు. కెమెరా కదలకుండానే చెరువు పైకి లేచి ప్రేక్షకుడి వైపు తిరిగినట్లు అనిపిస్తుంది. కిరీటం అడుగు కూడా ఈ దీర్ఘవృత్తం మీదే నిలబడాలి. కిరీటాన్ని రెండు లేయర్లుగా విడదీయండి: రాయికి వెనుక ఉన్న సగం ఒక లేయర్, ముందు ఉన్న సగం మరొకటి. రాయి ఈ రెండింటి నడుమ మునిగిపోతుంది. ఇంత చిన్న పనికే చిందుకు లోతు వస్తుంది.

కిరీటం కూలడాన్ని గీయడం కష్టం. లేచిన పొరను అదే ఆకారంలో కుదించుకుంటూ పోతే అది రబ్బరు. నీటి పొర పైకి పోయేకొద్దీ పలచబడుతుంది, దాని అంచున నీరు లావుగా పోగవుతుంది, ఆ అంచు వేళ్లలా చీలి బొట్లను వదులుతుంది, పొర మధ్యలో చిల్లులు పడి అవి పెద్దవవుతూ చివరకు పొరే లేకుండా పోతుంది. అందువల్ల 5, 6 ఫ్రేములలో ఆకారాన్ని చిన్నది చేయకండి, దానిలో చిల్లులు పొడవండి. విడిపోయిన ప్రతి బొట్టూ తన దారిలో తాను బేసి సంఖ్యల లెక్క ప్రకారం పడుతుంది. ఒక్కసారి గాలిలోకి వెళ్లిన బొట్టును మధ్యలో మాయం చేయకూడదు, నీటి మట్టం దాకా తీసుకువెళ్లాలి. పడే బొట్టుకు పైన తోక పెట్టడం కార్టూన్ల సంప్రదాయం, తలతన్యత వల్ల అసలు చిన్న బొట్టు గుండ్రంగానే ఉంటుంది. మీ పాత్రలు కార్టూన్ శైలిలో ఉంటే తోక పెట్టండి, లేకపోతే వద్దు. ఎఫెక్టు శైలి పాత్రల శైలి నుంచే రావాలి: 2008లో వచ్చిన జపాన్ చిత్రం ‘పోన్యో’లో అలలు బ్రహ్మాండమైన చేపల్లా ఈదుతాయి, ఆ సముద్రాన్ని చేతితో గీశారు, చుట్టూ ఉన్న లోకమూ అదే చేతిలో నుంచి వచ్చింది కనుక ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు.

సిమ్యులేషన్

చేతి బొమ్మలు 24 ఫ్రేముల వేగంతో ఆడి సరిగా ఉన్నాయనిపించిన తరువాతే ఈ భాగానికి రండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని ఆగవలసిన పని లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా చిత్రం ‘ఫ్లో’ను ఉచితంగా దొరికే బ్లెండర్‌లోనే తయారుచేశారు, అది వరద నీటి మీద నడిచే కథ కూడా.

ఒక పెట్టెను డొమైన్‌గా, అంటే నీటి లెక్క జరిగే హద్దుగా పెట్టి, రకం లిక్విడ్ అని ఎంచుకోండి. చెరువు నీటికి మరో పలక పెట్టి దానిని ఫ్లో (నీటిని ఇచ్చే వస్తువు) చేయండి, దాని ప్రవర్తన జామెట్రీ అని ఉండాలి. ఇన్‌ఫ్లో అని పెడితే నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది. రాయి ఎఫెక్టర్, అంటే నీటిని నెట్టే వస్తువు అవుతుంది. రాయి వేగంగా దూసుకుపోతుంది కనుక దాని సబ్‌స్టెప్స్ (రెండు ఫ్రేముల మధ్య దాని స్థానాన్ని ఎన్నిసార్లు చూడాలో చెప్పే అంకె) పెంచకపోతే ఒక ఫ్రేములో నీటి పైన, మరుసటి ఫ్రేములో నీటి అడుగున ఉండి, మధ్యలో నీటిని తాకనే లేదని కంప్యూటర్ అనుకుంటుంది.

రిజల్యూషన్ డివిజన్స్, అంటే డొమైన్ పక్కను ఎన్ని గడులుగా విడదీయాలో చెప్పే అంకె, మొదట 32 ఉంటుంది, దానితోనే మొదలుపెట్టండి. ఘనాకారపు డొమైన్‌లో 64 పెడితే గడులు 2,62,144 అవుతాయి, 128 పెడితే 20,97,152. అంకె రెండింతలైతే గడులు ఎనిమిదింతలు, పట్టే సమయం తరచు అంతకన్నా ఎక్కువ. 32లో కదలిక కాలం చూసుకోండి, 64లో ఆకారం చూసుకోండి, ఆఖరికి మాత్రమే 128కి వెళ్లండి. కాలం చూసుకోవడం అంటే బొట్టు శిఖరం నుంచి నీటి మట్టానికి ఎన్ని ఫ్రేములలో వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టడమే: 30 సెంటీమీటర్లు అనుకున్న ధార ఆరు ఫ్రేములకు బదులు పన్నెండు తీసుకుంటే అది మీటరు పైన ఎత్తున్న ధార అయినట్లు కనిపిస్తుంది, అప్పుడు డొమైన్ కొలతనో టైమ్ స్కేల్‌నో సరిచేయాలి. గడులు ముతకగా ఉంటే బొట్లు పెద్దవిగా వస్తాయి, పెద్ద బొట్లు దృశ్యాన్ని చిన్నది చేసి చూపిస్తాయి. తుంపర కోసం స్ప్రే పార్టికల్స్‌ను విడిగా జోడించేది ఇందుకే.

లెక్కగట్టిన ఫ్రేములను దాచే క్యాష్ రకాన్ని మాడ్యులర్ చేసి, మధ్యలో ఆగినా కొనసాగించుకునే ఐచ్ఛికాన్ని టిక్ చేయండి. రాత్రంతా బేక్ అవుతున్న (సిమ్యులేషన్ లెక్క నడుస్తున్న) ఫైలు తెల్లవారుజామున కరెంటు పోయి మళ్లీ 1వ ఫ్రేము నుంచి మొదలుకావడం ఎవరికీ అక్కర్లేని అనుభవం.

మీ చేతి బొమ్మల లేయర్‌ను సిమ్యులేషన్ మీద పరచి రెండింటినీ కలిపి ఆడించండి. శిఖరాలు ఒకే ఫ్రేములో పడకపోతే మార్చవలసింది సిమ్యులేషన్‌ను. చేతి బొమ్మ దర్శకుడి మాట లాంటిది.

షాట్‌లో కలపడం

నీరు పారదర్శకం అంటే అన్ని చోట్లా ఒకేలా పారదర్శకం అని కాదు. నిటారుగా చూసినప్పుడు నీటి ఉపరితలం వెలుగులో సుమారు 2 శాతమే తిప్పికొడుతుంది, బాగా ఏటవాలుగా చూసినప్పుడు దాదాపు అంతా తిప్పికొడుతుంది. కనుక కిరీటంలో మనవైపు తిరిగిన పొర వెనుక దృశ్యాన్ని చూపిస్తుంది, అంచులు ఆకాశాన్ని చూపిస్తాయి. చేతితో రంగు వేసేవారు పొర మధ్యను ఖాళీగా వదిలి అంచులకు మాత్రమే తెలుపు వేస్తే సగం పని అయిపోయినట్లే.

గట్టున నిలబడ్డ అబ్బాయి ప్రతిబింబాన్ని వేరే లేయర్‌గా ఉంచి, వలయం దాని మీదుగా వెళ్లే ఫ్రేములలో దానిని ముక్కలు చేయండి. చిందు ఎంత బాగున్నా ప్రతిబింబం చెక్కుచెదరకుండా నిలిచి ఉంటే చెరువు అద్దంలా, చిందు దాని మీద అతికించిన స్టిక్కర్‌లా కనిపిస్తాయి.

అంచుల చుట్టూ నల్లని గీత కనిపిస్తే అది మీ చిత్రరచన లోపం కాదు, ఆల్ఫా లోపం; ఆల్ఫా అంటే బొమ్మలో ప్రతి బిందువు ఎంత పారదర్శకమో చెప్పే విలువ. రంగును ఆల్ఫాతో ముందే గుణించి ఉంచే పద్ధతి మీద ఆధారపడిన కలిపే సూత్రాలను లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసిన పోర్టర్, డఫ్‌లు 1984లో ప్రచురించారు, లేయర్లను కలిపే నేటి కంపాజిటింగ్ నోడ్‌లు ఇప్పటికీ వాటి మీదే నడుస్తున్నాయి. పీఎన్‌జీ ఫైలు గుణించని రంగును దాచుకుంటుంది, ఓపెన్ఈఎక్స్ఆర్ గుణించినదానిని దాచుకుంటుంది. ఒకదానిని మరొకటిగా చదివితే అంచు నల్లబడుతుంది, లేదా తెల్లగా మెరుస్తుంది. ఇమేజ్ సెట్టింగ్‌లలో స్ట్రెయిట్, ప్రీమల్టిప్లైడ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. ఫైలు రకానికి తగినది పెట్టండి, గీత పోతుంది.

అభ్యాసంగా ఇదే రాయిని మూడుసార్లు చేయండి: నిటారుగా పడినది, ఏటవాలుగా పడినది, బండరాయంత పెద్దది. మూడోదానికి కొత్త బొమ్మలు గీసేముందు ధార ఎత్తు మీరే నిర్ణయించుకుని ఫ్రేముల లెక్క కాగితం మీద వేసుకోండి. అయిదవ పాఠం పొయ్యి పొగ గురించి; దానికి ఈ పాఠంలోని చెరువు దృశ్యమే నేపథ్యంగా వాడతాం. సిమ్యులేషన్ క్యాష్‌ను చెరిపేసినా ఫరవాలేదు, గ్రీజ్ పెన్సిల్ లేయర్లు, కెమెరా మాత్రం ఉన్నవి ఉన్నట్లుగా ఉంచండి.