పొంగని రొట్టె, 17 అక్షరాలు: నవ్వించే హైకూ రాయడం ఎలా

జపాను కొలతలో యూదుల ఇంటి ముచ్చట చెప్పాలంటే ముందు ఒక తేడా తెలియాలి. హైకూకి ప్రకృతి కావాలి, ఋతువును పట్టిచ్చే మాట కావాలి. మనుషుల బలహీనతల మీద నవ్వేది సెన్‌ర్యూ. 18వ శతాబ్దంలో అలాంటివి ఏరి కూర్చిన కరాయ్ సెన్‌ర్యూ పేరే దానికి స్థిరపడింది. మనం రాసేది హైకూలా మొదలై సెన్‌ర్యూలా ముగియాలి.

కొలత మూడు పాదాల్లో 5-7-5. జపనీయులు లెక్కపెట్టేవి దాదాపు మన మాత్రలే: దీర్ఘానికి రెండు, అచ్చు లేని 'న్'కి ఒకటి. తెలుగులో 17 మాత్రల్లో మాట ఇమడదు కాబట్టి అక్షరాలు లెక్కపెట్టండి. సంయుక్తాక్షరం ఒకటే. సున్నా ముందు అక్షరంలో కలిసిపోతుంది, పొల్లుకు లెక్క లేదు.

నిండు పున్నమి
పొంగకూడని రొట్టె
పొంగింది అత్త

యూదులు పొంగని రొట్టె తినే పస్కా పండుగ వాళ్ల పంచాంగంలో నీసాన్ నెల 15న, అంటే పున్నమి వేళకే వస్తుంది. అందుకే మొదటి పాదం ఋతువునూ పండుగనూ ఒకేసారి చెబుతుంది. నీళ్లు తగిలిన పిండిని 18 నిమిషాల్లో కాల్చేయాలి, ఆలస్యమైతే పులిసినట్టే లెక్క. ఆ కంగారంతా రెండో పాదంలో దాగుంది. 'అత్త పొంగింది' అని రాస్తే నవ్వు సగం చస్తుంది. 'పొంగింది' దాకా చదువరి రొట్టె గురించే అనుకోవాలి, అసలు మాట చిట్టచివర పడాలి.

ఎక్కువమంది తప్పేది భావం పేరు చెప్పేయడంలో. యూదుల ఉపవాస దినం యోమ్ కిప్పూర్‌కి సుమారు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాకే ఉపవాసం విడుస్తారు. 'ఎంతో ఆకలి, చాలా కష్టం మరి' అంటే ఏం మిగిలింది?

శరత్ ఆకాశం
రెండే చుక్కలున్నాయి
చేతిలో గ్లాసు

ఆకలి అన్న మాటే లేదు. 'కదా', 'మరి', 'ఎంతో' లెక్క నింపడానికి వచ్చినవైతే తీసేసి పాదం మళ్లీ కట్టండి. హీబ్రూ, యిడ్డిష్ లాంటి యూదుల భాషల మాటలు పద్యానికి ఒకటి మించితే అర్థాలు రాయాల్సి వస్తుంది, అర్థం రాశాక నవ్వు రాదు. డబ్బు యావ, ముక్కు ఆకారం అంటూ యూదుల మీద వేసే పాత ఎగతాళి జోలికి అసలు వెళ్లకండి. అది ద్వేషం నుంచి పుట్టిన సరుకు. తిండి, పండుగ హడావిడి, అమ్మ బెంగ చాలు, అవి మన ఇళ్లలోనూ ఉన్నాయి.

బెంగళూరులో ఉంటే జపాను వాళ్ల సకురా (చెర్రీ) పూలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఫిబ్రవరిలో కబ్బన్ పార్కు దారుల్లో గులాబి రంగు తబెబుయా పూలు రాలతాయి. పీజీలో ఉండే తెలుగు పిల్లవాడికీ, యూదుల కొడుక్కీ సరిపోయే పద్యం ఇది:

పూలు రాలాయి
మౌనంలో ఫోను మోత
తిన్నావా, నాన్నా?

ఇక్కడ 'అమ్మ' అని రాయలేదు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరు.