పెద్దల జ్ఞాపకాలు చేతికి అందకపోతే: సమస్య - పరిష్కారం

కుటుంబ చరిత్రను సేకరించే పని మధ్యలో ఆగిపోతే, బంధువులకు ఆసక్తి లేదని సరిపెట్టుకుంటాం. నిజానికి లోపం చాలాసార్లు మనం అడిగే తీరులోనో, విన్నదాన్ని దాచే తీరులోనో ఉంటుంది. పని ఎక్కడ చిక్కుపడిందో గుర్తిస్తే విడదీయడం కష్టం కాదు. ఆ విడదీసే పద్ధతుల్లో కొన్ని ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోదగ్గ ఆటలే.

సమస్య: "చెప్పడానికి ఏముంది?" అని పెద్దలు దాటవేస్తున్నారు

కారణం: "మీ చిన్నతనం గురించి చెప్పండి" అన్న ప్రశ్న మరీ విశాలమైనది. ఎనభై ఏళ్ల జీవితాన్ని ఏ కొసన పట్టుకోవాలో ఎవరికీ వెంటనే తోచదు. జ్ఞాపకం ఒక వస్తువునో, వాసననో, గది మూలనో ఆనుకుని ఉంటుంది కాబట్టి దాన్ని అక్కడినుంచే కదిలించాలి.

పరిష్కారం: ప్రశ్న వేసే ముందు వారి చేతికి ఏదైనా ఇవ్వండి. మా అమ్మమ్మను నేను చాలాకాలం ఉత్త ప్రశ్నలతోనే విసిగించాను. ఒకరోజు కాగితం, పెన్సిల్ ఇచ్చి, ఆవిడకు పదేళ్లప్పుడు ఉన్న ఇంటి పటం గీయమన్నాను. మొదట ఒక నలుచదరం గీశారు; తలుపు ఎటు ఉండేదో తేల్చుకోలేక రెండుసార్లు చెరిపారు; చివరికి ఒక గది గీసి, పెన్సిల్ దాని మీదే ఆపి, "ఇందులోకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు" అన్నారు. ఎవరు, ఎందుకు అని నేను అడిగే పనే లేకపోయింది, ఆ తర్వాత గంటసేపు ఆవిడే చెప్పుకుపోయారు. పటం లేనప్పుడు పాత ఫొటో, తాళంచెవి, ఉత్తరం, ఏదైనా పనికొస్తుంది.

నడివయసు దాటినవారికి తమ 10 నుంచి 30 ఏళ్ల మధ్య కాలం మిగతా కాలం కంటే ఎక్కువగా గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. కనుక మొదటి జీతం, ఒంటరిగా చేసిన మొదటి ప్రయాణం వంటివాటితో మొదలుపెట్టడం మంచిది. జవాబు ముగిసిందనిపించగానే తర్వాతి ప్రశ్న వేయకుండా కాసేపు ఊరుకోండి. అసలు మాట తరచుగా ఆ మౌనం తర్వాతే వస్తుంది.

సమస్య: పిల్లలు పది నిమిషాలకే లేచి వెళ్లిపోతున్నారు

కారణం: వారిని శ్రోతలుగా మాత్రమే కూర్చోబెడుతున్నాం.

పరిష్కారం: అడిగే పని, రికార్డు చేసే పని వారికే అప్పగించండి. పెద్దలు కూడా కొడుకు దగ్గర మొహమాటపడే సంగతులను మనవరాలికి సులువుగా చెబుతారు. అమెరికాలోని స్టోరీకోర్ సంస్థ 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్‌లో ఒక చిన్న గది ఏర్పాటు చేసి, ఒకరినొకరు ఎరిగిన ఇద్దరిని 40 నిమిషాలు మాట్లాడుకోమంది. ఇంట్లోనూ ఆ నిడివే చాలు. ఇంకొంచెం సందడి కావాలంటే, పాత ఫొటోలోని వరుసలోనే, అదే భంగిమలో ఇప్పటి పిల్లలను నిలబెట్టి మరో ఫొటో తీయండి. ఎవరు ఎవరి స్థానంలో నిలబడాలన్న వాదనలోనే సగం వంశవృక్షం బయటికొస్తుంది.

సమస్య: ఏ తాతయ్య గురించి చెబుతున్నారో తెలియడం లేదు

కారణం: పెద్దలను వరుసతోనే పిలుస్తాం గనుక పేర్లు మరుగున పడతాయి. తాతయ్య అంటే నాన్న తండ్రీ కావచ్చు, అమ్మ తండ్రీ కావచ్చు.

పరిష్కారం: ఆస్ట్రియా చరిత్రకారుడు మైకేల్ ఐట్జింగర్ 1590లో ప్రచురించిన, పూర్వీకులకు అంకెలిచ్చే పద్ధతి నేటికీ అక్కరకొస్తుంది. మీరు 1. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి, దానికి ఒకటి కలిపితే వారి తల్లి. కాబట్టి నాన్న 2, అమ్మ 3, నాన్న తండ్రి 4, అమ్మ తండ్రి 6. పిల్లలకు ఇది మంచి పొడుపుకథ: 11 ఎవరు? బేసి అంకె కనుక స్త్రీ; ఒకటి తీసి సగం చేస్తే 5, అంటే నాన్నమ్మ; కాబట్టి 11 నాన్నమ్మ వాళ్ల అమ్మ. తోబుట్టువులకు ఇందులో చోటు లేదు, వారి కోసం మామూలు వంశవృక్షం పక్కనే గీసుకోవాలి.

సమస్య: ఒకే సంఘటనను ఇద్దరు రెండు విధాలుగా చెబుతున్నారు

కారణం: జ్ఞాపకం తలచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటుంది, పైగా ఆరేళ్ల పిల్లవాడు చూసినదీ, ఇరవై ఏళ్ల అక్క చూసినదీ ఒకటి కావు. పాత పత్రాల్లో తేదీలు పొసగకపోతే, ఆ దేశం పాత జూలియన్ క్యాలెండర్ వదిలి నేటి గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారుతూ కొన్ని తేదీలను దాటవేయడం కూడా కారణం కావచ్చు. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరు 2 మర్నాడు 14వ తేదీ అయింది. రష్యాలో 1918 జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14 వచ్చింది.

పరిష్కారం: తీర్పు చెప్పకండి. ఇద్దరినీ విడివిడిగా చీటీల మీద రాయమని, తర్వాత అందరి ముందూ చదివించండి. రెండు కథనాలనూ చెప్పినవారి పేరుతో, చెప్పిన తేదీతో భద్రపరచండి. నా మటుకు నాకు ఒకే మాట మీద నిలిచిన కథనం కంటే ఇలాంటి జంట కథనాలే విలువైనవిగా తోస్తాయి.

సమస్య: రికార్డింగు వినబడదు, ఫొటోలు పాడవుతున్నాయి, ఫైళ్లు కనబడవు

ఫోను బల్ల మీద పెడితే ప్రతి తట్టుడూ రికార్డవుతుంది. మడిచిన తువ్వాలు మీద పెట్టి, ఫ్యాను ఆపి, కాల్ మధ్యలో రాకుండా ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. మొదట తేదీ, ఉన్నవారి పేర్లు బిగ్గరగా చెప్పించండి.

జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోను గోటితో లాగకూడదు. ముందుగా పేజీ మొత్తాన్ని స్కాన్ చేసి, ఆపైన మైనం పూయని డెంటల్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారం)ను ఫొటో కిందుగా రంపంలా మెల్లగా కదపండి. రాకపోతే వదిలేయండి, స్కాన్ మిగిలింది కదా. చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయాలి. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాస్తే నొక్కుడు ముందువైపు తేలుతుంది కనుక మెత్తని పెన్సిల్ వాడాలి. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన కవర్లు కాలక్రమేణా ఫొటోలను పాడుచేస్తాయి. పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్ కవర్లు మేలు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే తగ్గదు. ఏదైనా మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. వంశవృక్షాన్ని ఏ యాప్‌లో గీసినా జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షాల కోసమే ఉన్న ఫైలు రూపం) ఫైలుగా కూడా దాచుకోండి. 1984 నుంచి ఉన్న ఈ రూపాన్ని చాలా ప్రోగ్రాములు చదవగలవు.

సమస్య: ఒక పేరు ఎత్తగానే అందరూ మౌనం వహిస్తున్నారు

కారణం: ఆ పేరు వెనుక తెగిన బంధమో, మానని దుఃఖమో ఉంటుంది.

పరిష్కారం: రికార్డింగును వెంటనే, వారికి కనబడేలా ఆపివేయండి. తర్వాత చెప్పాలనిపిస్తే ఎంతవరకు రాయవచ్చో వారినే అడగండి. అప్పటిదాకా వంశవృక్షంలో ఆ గడిని తుడిచేయకుండా, ఊహతో నింపకుండా, "ఇప్పుడు చెప్పడానికి ఇష్టపడలేదు" అని రాసి, పక్కన తేదీ వేసి ఉంచండి.