టీవీలో బొమ్మ, రేడియోలో కామెంటరీ: రెండింటినీ ఒకే బంతి దగ్గర కలపడం ఎలా

టీవీ సౌండ్ తగ్గించేసి రేడియో కామెంటరీ వింటూ టెస్ట్ మ్యాచ్ చూసే అలవాటు చాలామందికి ఉంది. డిజిటల్ రేడియో వచ్చాక వాళ్లకు పెద్ద ఇబ్బంది పట్టుకుంది. టీవీలో బౌలర్ ఇంకా పరుగెత్తుకొస్తూనే ఉంటాడు, రేడియోలో వికెట్ పడిపోయి ఉంటుంది. యాప్‌లో వింటే దీనికి తలకిందులు: టీవీలో ఓవర్ సగం దాటినా కామెంటేటర్ ఇంకా మొదటి బంతి గురించే చెబుతుంటాడు. రెండింటినీ కలపడం కష్టమేమీ కాదు. ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలిసి, ఓపిగ్గా కొలిస్తే పది నిమిషాల పని.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. వెనకబడిన సిగ్నల్‌ను ముందుకు లాగడం ఎవరివల్లా కాదు. ముందున్నదాన్ని ఆపి, వెనకున్నది వచ్చి కలిసేదాకా నిలబెట్టడం ఒక్కటే మార్గం. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏది ముందుందో. ఎంత తేడా అన్నది ఆ తర్వాత.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

బ్రిటన్‌లో క్రికెట్ కామెంటరీ దీనికి మంచి ఉదాహరణ. బీబీసీ టెస్ట్ మ్యాచ్ స్పెషల్ దశాబ్దాల పాటు 198 కిలోహెర్ట్జ్ లాంగ్ వేవ్‌లో వచ్చేది. అనలాగ్ కాబట్టి ట్రాన్స్‌మిటర్ నుంచి చెవి దాకా ఆలస్యం లేనట్టే. 2023 జులై 31న, ఓవల్‌లో యాషెస్ చివరి టెస్టు ముగిసిన రోజున, లాంగ్ వేవ్‌లో ఆ కామెంటరీ ఆగిపోయింది. ఇప్పుడు అక్కడివాళ్లు ఎక్కువగా డాబ్ (డీఏబీ) అనే డిజిటల్ రేడియోలోనో యాప్‌లోనో వింటున్నారు.

డాబ్‌లో ఆలస్యం ఒక్కచోట పుట్టదు, మెట్టుమెట్టుకీ కొంచెం కలుస్తుంది. మైదానం నుంచి స్టూడియోకి వచ్చే లైన్‌లోనే ఆడియోను కుదించి విప్పుతారు. మధ్యలో ఉపగ్రహం ఉంటే, భూస్థిర కక్ష్య ఎత్తు దాదాపు 35,786 కిలోమీటర్లు కాబట్టి పైకెక్కి దిగడానికే పావు సెకను పోతుంది. తర్వాత ఆడియోను డిజిటల్ డేటాగా కుదించే ఎన్‌కోడర్. డాబ్ కొత్త రూపమైన డాబ్ ప్లస్‌లో 120 మిల్లీసెకన్ల ఆడియోను ఒక మూటగా కట్టాకే పంపుతారు. దాని మీద టైమ్ ఇంటర్‌లీవింగ్ ఉంటుంది. సిగ్నల్ క్షణకాలం తెగినా మాట తెగకూడదని, డేటాను 384 మిల్లీసెకన్ల మేర చెదరగొట్టి పంపి, రిసీవర్‌లో మళ్లీ పేరుస్తారు. పైగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్న ట్రాన్స్‌మిటర్లన్నీ ఒకే క్షణంలో ప్రసారం చేయాలి. వాటి సిగ్నళ్ల మధ్య తేడాను రిసీవర్ తట్టుకునే వ్యవధి, అంటే గార్డ్ ఇంటర్వెల్, డాబ్ మోడ్ 1లో 246 మైక్రోసెకన్లే. అందుకని లైన్లన్నిట్లో ఏది నిదానమో దానికోసం మిగతావన్నీ జీపీఎస్ గడియారం చూసుకుని ఆగుతాయి. చివర్లో రిసీవర్ తన బఫర్ కలుపుతుంది, అంటే కొంత ఆడియోను ముందు నిల్వ చేసుకుని తర్వాత వినిపిస్తుంది. అన్నీ కలిస్తే సెకన్లలో తేలుతుంది. బఫర్ కంపెనీకో రకంగా ఉంటుంది కాబట్టే హాల్లో ఒక డాబ్ సెట్టు, వంటింట్లో ఇంకొకటి పెడితే మాటలు ప్రతిధ్వనిస్తాయి.

ఆకాశవాణి డీఆర్‌ఎం (డిజిటల్ రేడియో మోండియల్ అనే ఇంకో డిజిటల్ పద్ధతి) ప్రసారాల్లోనూ ఇదే తంతు. మీడియం వేవ్ డీఆర్‌ఎంలో ఫ్రేమ్ 400 మిల్లీసెకన్లు, పొడుగు ఇంటర్‌లీవింగ్ పెడితే 2 సెకన్లు. అదే స్టేషన్ మామూలు మీడియం వేవ్‌లో కూడా వస్తుంటే, అనలాగ్ సెట్టు డీఆర్‌ఎం కన్నా ముందే పలుకుతుంది.

ఇంటర్నెట్ స్ట్రీమింగ్ సంగతి వేరు. హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఆడియోను ముక్కలుగా కోస్తారు. 6 సెకన్ల ముక్కలైతే, ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని మొదలెడితే అక్కడే 18 సెకన్లు. చాలా ఇంటర్నెట్ రేడియోలు వాడే ఐస్‌కాస్ట్ సర్వర్లలో ఇంకో విశేషం ఉంది. కనెక్ట్ కాగానే సుమారు 64 కిలోబైట్ల పాత ఆడియోను ఒక్కసారిగా పంపడం దాని డిఫాల్ట్. 128 కేబీపీఎస్ స్ట్రీమ్‌లో అది 4 సెకన్ల మాట, 32 కేబీపీఎస్‌లో ఏకంగా 16 సెకన్ల మాట. డేటా ఆదా అవుతుందని తక్కువ క్వాలిటీ ఎంచుకుంటే ఆలస్యం నాలుగింతలు కావచ్చు. రెండు క్వాలిటీలు ఉంటే ఎక్కువదే పెట్టుకోండి.

తేడా కొలవడం

కామెంటేటర్ మాటను బట్టి కొలవకండి. ఆయన బంతి చూశాక మాట్లాడతాడు, ఒక్కోసారి అర సెకనుకు, ఒక్కోసారి రెండు సెకన్లకు. కొలతకు పనికొచ్చేది బ్యాట్‌కు బంతి తగిలిన టక్ శబ్దం. స్టంప్ మైక్ నుంచి వచ్చే ఆ చప్పుడు టీవీలోనూ రేడియోలోనూ స్పష్టంగా వినిపిస్తుంది. రీప్లేలో కొలిచారో, కొలత మొత్తం తప్పు. లైవ్ బంతినే పట్టుకోవాలి.

టీవీ, రేడియో రెండింటి సౌండూ సమానంగా పెట్టండి. ఫోన్‌ను రెండింటికీ మధ్యలో ఉంచి వాయిస్ రికార్డర్‌లో ఒక ఓవర్ మొత్తం రికార్డ్ చేయండి. ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి జూమ్ చేస్తే ప్రతి బంతికీ సన్నటి రెండు ముళ్లు నిలబడి కనిపిస్తాయి. ఒకటి టీవీది, ఒకటి రేడియోది. ఏది ఎవరిదో వింటే తెలుస్తుంది, రేడియోలో టక్ వెనక కామెంటేటర్ గొంతు ఉంటుంది. రెండు ముళ్ల మధ్య భాగాన్ని సెలెక్ట్ చేస్తే కింద సెకన్లలో తేడా చూపిస్తుంది. ఐదు బంతులకు చూసి, వాటిలో మధ్య అంకె తీసుకోండి. 3.4, 3.6, 3.5, 4.1, 3.5 వచ్చాయనుకోండి, తేడా 3.5 సెకన్లు. 4.1 అంటే వేరే చప్పుడేదో పట్టుకున్నట్టు, దాన్ని సగటులో కలిపితే మిగతా మంచి కొలతలూ చెడతాయి.

ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ స్టాప్‌వాచ్ చాలు. మొదటి టక్‌కు స్టార్ట్, రెండో టక్‌కు ల్యాప్. వేలు కదలడానికి పట్టే సమయం రెండుసార్లూ దాదాపు ఒకటే కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది.

టీవీ ముందుంటే

ఇది తేలికైన పని. రికార్డింగ్ సౌకర్యమున్న సెట్ టాప్ బాక్స్ అయినా, లైవ్‌లో పాజ్ పనిచేసే యాప్ అయినా సరిపోతుంది. కొలవాల్సిన పని కూడా లేదు. టీవీలో బ్యాట్‌కు బంతి తగలగానే పాజ్ నొక్కండి. బొమ్మ అక్కడే నిలిచిపోతుంది. అదే బంతి టక్ రేడియోలో వినిపించగానే ప్లే నొక్కండి. బాక్స్ పాజ్ నుంచి లేవడానికి కాస్త తడుముకుంటుంది కాబట్టి పావు సెకనో అర సెకనో తేడా మిగలవచ్చు, ఇంకోసారి చేస్తే సరిపోతుంది. యాప్ కామెంటరీ ముప్పై నలభై సెకన్లు వెనకున్నా పద్ధతి ఇదే. కాకపోతే స్కోరు చెప్పే యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. నలభై సెకన్లు వెనక కూర్చున్నవాళ్లకు వికెట్ కబురు ఫోనే ముందు మోసుకొస్తుంది.

రేడియో ముందుంటే

ఉపగ్రహం ద్వారా వచ్చే టీవీని డాబ్‌తో కలిపేటప్పుడు చాలాసార్లు ఎదురయ్యేది ఇదే. కొన్ని డాబ్ సెట్లలో పాజ్ బటన్ ఉంటుంది. అదుంటే పైన చెప్పిందే తిరగేసి చేయండి. యాప్‌లో వింటుంటే ఒకటి పరీక్షించుకోండి: పాజ్ తీశాక ఆగినచోటి నుంచి మొదలవుతోందా, లేక లైవ్‌కు దూకేస్తోందా? దూకే యాప్ ఈ పనికి రాదు.

పాజ్ లేని మామూలు సెట్టుకు మధ్యలో డిలే పెట్టుకోవాలి. దానికి ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా కుదురుతుంది. పాత ల్యాప్‌టాప్ చాలు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు వాడితే దానికి ఆడియో ఇన్‌పుట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ సౌండ్ కార్డ్ తప్పనిసరి.

రేడియో హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 3.5 మిల్లీమీటర్ల వైరును కంప్యూటర్ లైన్ ఇన్‌కు కలపండి. లైన్ ఇన్ లేక మైక్ ఇన్‌పుట్టే ఉంటే రేడియో వాల్యూమ్ పావు వంతే పెట్టి, మైక్ బూస్ట్ తీసేయండి. లేకపోతే జనం అరిచినప్పుడల్లా శబ్దం పగిలిపోతుంది. ప్యూర్ డేటాలో నాలుగు పెట్టెలు పెట్టాలి: ఏడీసీ (adc~, లోపలికొచ్చే ఆడియో), డెల్‌రైట్ (delwrite~, దాన్ని బఫర్‌లో రాసేది), డెల్‌రీడ్ (delread~, ఆలస్యంగా చదివేది), డీఏసీ (dac~, స్పీకర్‌కు పంపేది). ప్రతి పేరు చివరా ~ గుర్తు ఉండాలి, అది లేకపోతే పెట్టె ఆడియోను అందుకోదు. డెల్‌రైట్ పక్కన బఫర్‌కు ఏదో ఒక పేరు, దాని తర్వాత గరిష్ఠ పొడవు 30000 రాయండి. ఇవి మిల్లీసెకన్లు. డెల్‌రీడ్ పక్కన అదే పేరు, తర్వాత మీరు కొలిచిన తేడా, మన ఉదాహరణలో 3500. ఏడీసీ ఎడమ తీగ డెల్‌రైట్‌కు, డెల్‌రీడ్ తీగ డీఏసీ రెండు చెవులకూ. కామెంటరీకి ఒక్క ఛానెల్ చాలు. డెల్‌రీడ్ పైన ఒక నంబర్ బాక్స్ తగిలిస్తే ఆట నడుస్తుండగానే అంకె మార్చుకోవచ్చు. చివరగా మెయిన్ విండోలో డీఎస్‌పీ టిక్ పెట్టండి. 3.5 సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత కామెంటరీ వస్తుంది.

రెండు గొంతులు కలిసి వినిపిస్తుంటే విండోస్‌లో ఆ ఇన్‌పుట్‌ను నేరుగా స్పీకర్‌కు పంపే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నట్టు. తీసేయండి. కామెంటేటర్ వినిపిస్తూ జనం హోరు మాయమైతే అది నాయిస్ సప్రెషన్ పని. దాన్నీ ఆపండి, ఆ హోరు లేకపోతే రేడియో కామెంటరీలో ప్రాణమే ఉండదు.

చివరి సర్దుబాటు

ఇక్కడ తొందరపడకండి. శబ్దం బొమ్మ కన్నా ముందొస్తే మన చెవి వెంటనే పట్టేస్తుంది, వెనకొస్తే చాలావరకు సర్దుకుంటుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే జనం గుర్తుపడతారు, వెనకైతే 125 దాకా గుర్తించరు. బౌండరీ గీత దగ్గర, పిచ్‌కు 70 మీటర్ల దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి టక్ శబ్దం 0.2 సెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. కాబట్టి అంకెను 50 చొప్పున పెంచుతూ, టక్ శబ్దం బొమ్మతో కలిసేచోటో, వెంట్రుకవాసి వెనకనో ఆపండి. ముందు మాత్రం ఉండకూడదు. ఈ సర్దుబాటు ఫాస్ట్ బౌలర్‌తో చేస్తే బంతి తగిలిన ఫ్రేమ్ కంటికి చిక్కదు. స్పిన్నర్ వేస్తున్నప్పుడు, బ్యాటర్ ముందుకొచ్చి అడ్డుకునే బంతులతో చేయండి.

వినేది బ్లూటూత్ స్పీకర్‌లో అయితే అది తనదైన ఆలస్యం కలుపుతుంది, పైగా సెట్టును బట్టి మారుతుంది. వైరు పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

మధ్యలో తప్పేవి

బాగా కలిసింది గంట తర్వాత విడిపోతే, ఇన్‌పుట్‌కు ఒక సౌండ్ కార్డు, అవుట్‌పుట్‌కు ఇంకొకటి వాడుతున్నారేమో చూడండి. రెండు గడియారాల మధ్య మిలియన్‌కు 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకన్లు జరుగుతుంది. రెండూ ఒకే కార్డు మీద పెడితే ఆ జారుడు ఉండదు.

హెచ్‌డీ ఛానెల్ నుంచి మామూలు ఛానెల్‌కు మారినా, ఒక భాష ఫీడ్ నుంచి ఇంకో భాషకు మారినా, యాప్ ఒకసారి బఫర్ అయి తేరుకున్నా పాత అంకె చెల్లదు. మళ్లీ కొలవాలి. కారు రేడియోలో ఇంకో చిక్కు ఉంది: డాబ్ సిగ్నల్ తగ్గగానే అదే స్టేషన్ ఎఫ్‌ఎంలో ఉంటే దానికి తానే మారిపోతుంది. మాట ఉన్నట్టుండి కొన్ని సెకన్లు ముందుకో వెనక్కో దూకితే కారణం అదే. మెనూలో డాబ్, ఎఫ్‌ఎం లింకింగ్ ఆపేయండి.

స్టేడియంలో ఉంటే

మైదానంలో కూర్చుని వినేవాళ్లకు పైవేవీ పనికిరావు. కళ్లెదుట జరిగేది పాజ్ కాదు. అక్కడ ఆలస్యం లేని సిగ్నల్ ఒక్కటే దారి: అనలాగ్ మీడియం వేవ్, లేదా కొన్ని మైదానాల్లో లోపలివాళ్ల కోసమే నడిపే తక్కువ పవర్ ఎఫ్‌ఎం.

అమెరికాలో ఈ అనలాగ్‌కూ ఒక మెలిక ఉంది. హెచ్‌డీ రేడియో (అనలాగ్‌తో పాటే డిజిటల్‌నూ పంపే అక్కడి పద్ధతి) స్టేషన్లు, డిజిటల్ తెగినప్పుడు అనలాగ్‌లోకి జారితే మాట అతుకుపడేలా, అనలాగ్‌ను కూడా కావాలనే దాదాపు 8 సెకన్లు ఆపుతాయి. అందువల్ల స్టేడియంలో పాత ట్రాన్సిస్టర్ పెట్టుకున్నా ఆటకు 8 సెకన్లు వెనకే. దీనికోసమే చాలా స్టేషన్లు మ్యాచ్ సమయంలో ఆ డిలే తీసేస్తాయి, దాన్ని బాల్‌గేమ్ మోడ్ అంటారు. స్టేషన్ ఆ మోడ్‌లో ఉన్నప్పుడు హెచ్‌డీ సెట్టులో వింటుంటే మొదట అనలాగ్ పలికి, కాసేపటికి డిజిటల్ పట్టుకోగానే విన్న మాటలే మళ్లీ వినిపిస్తాయి. సెట్టు చెడిపోలేదు. మెనూలో హెచ్‌డీ ఆఫ్ చేసి అనలాగ్‌లోనే ఉంచుకోండి. కార్లో ఆ సదుపాయం లేకపోతే, స్టేడియం లోపలికి మాత్రం హెచ్‌డీ లేని చిన్న జేబు సెట్టే తీసుకెళ్లండి.