ఉప్పుగాలి తగిలే ఇంటి పైకప్పు: ముందుగా ఎక్కడ పాడవుతుంది, ఏం చేయాలి

భీమిలి రోడ్డులో, అలల మోత వినపడేంత దగ్గర్లో ఉన్న ఒక ఇంటి డాబా మీద రేకుల షెడ్డు చూడమని పిలిచారు. పైనుంచి చూస్తే రేకు కొత్తదానిలా మెరుస్తోంది. లోపలికి వెళ్లి చూరు అడుగున వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. తలెత్తి చూస్తే ప్రతి స్క్రూ చుట్టూ తుప్పు రంగు వలయం. వేసి మూడేళ్లే అయిందట. ఇంటాయన రేకు నాసిరకమని తిట్టుకుంటున్నారు కానీ, రేకు బాగానే ఉంది. కొన్నప్పుడు స్క్రూల గురించి ఎవరూ అడగలేదు, అంతే.

తీరంలో పైకప్పులు ఎక్కువగా ఇలాగే, అతుకుల దగ్గర, వాన తగలని మూలల్లో ముందు పాడవుతాయి. అందుకే మార్కెట్లో ఏ రేకు మంచిదని అడిగేముందు, మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ కనిపిస్తున్న లక్షణాన్ని సరిగ్గా చదవడం మేలు.

స్క్రూ చుట్టూ తుప్పు మరక, వానకు చుక్క

మామూలు దుకాణాల్లో దొరికే స్క్రూల మీద జింకు పూత చాలా పలుచన. వాటి తలల మీద చేరిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేని రోజుల్లోనూ అవి తడిగానే ఉంటాయి. దీనికి తోడు వాషరు. పనివాడు డ్రిల్లు మిషన్‌ను ఆపకుండా బిగిస్తే రబ్బరు నలిగి పక్కలకు పొంగుతుంది. అలా నలిగిన రబ్బరు ఎండకు తొందరగా బీటలిస్తుంది.

మరక మీద సీలెంటు ముద్ద పెట్టి వదిలేయడం చాలామంది చేసే పని. దాని కింద తుప్పు నిశ్చింతగా సాగిపోతుంది. పాత స్క్రూ తీసి, రంధ్రం చుట్టూ తుడిచి, అంతకన్నా ఒక సైజు లావు స్క్రూ వేయాలి. వేడి జింకులో ముంచినది గానీ, తీర ప్రాంతానికని తయారీదారు చెప్పి అమ్మేది గానీ అయి ఉండాలి. వాషరు ఇ.పి.డి.ఎం. (ఎండకూ వానకూ తట్టుకునే కృత్రిమ రబ్బరు) రకానిది కావాలి. బిగించినప్పుడు అది కొద్దిగా నొక్కుకోవాలి, పైనున్న లోహపు బిళ్ల అంచు దాటి బయటికి రాకూడదు.

ఇక్కడ డబ్బున్నవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. ఖరీదైనది మంచిదే అయి ఉంటుందని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తెప్పిస్తారు. జింకు, అల్యూమినియం కలిపిన పూత ఉన్న ఉక్కు రేకుకు ఉప్పు తడిలో స్టెయిన్‌లెస్ తోడైతే, స్క్రూ చెక్కుచెదరదు, దాని చుట్టూ రేకు పూత కరిగిపోతుంది. రాగి సంగతీ ఇంతే. పైన ఏసీ నుంచి వచ్చే రాగి గొట్టం నీళ్లు రేకు మీద పడుతూ ఉంటే ఆ దారి పొడుగునా చారలు కనిపిస్తాయి.

రేకు పైన మెరుపు, అడుగున తుప్పు

పైభాగాన్ని వాన కడుగుతుంది. చూరు అడుగును, గోడకు ఆనుకున్న మడతను, ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కిన చోటును కడిగేవాళ్లు లేరు. అక్కడ ఉప్పు పేరుకుంటుంది. కనీసం ఆరు నెలలకోసారి, ఒడ్డుకు మరీ దగ్గరైతే ఇంకా తరచుగా, మంచినీళ్ల పైపుతో అడుగుభాగాన్ని కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ నీళ్లతోనే కడిగితే చేసిన పని తిరగబడుతుంది.

తుప్పు అంచుల్లోనే ఉంటే కారణం వేరు. రేకును గ్రైండరుతో కోసినప్పుడు ఎగిరిన నిప్పురవ్వలు పూతలో దిగి, కొద్ది రోజుల్లోనే ఎర్రటి చుక్కలవుతాయి. కత్తెరతో గానీ, రేకు కోసే ప్రత్యేక మిషన్‌తో గానీ కోయించండి. పని అయ్యాక పైన పడిన లోహపు పొట్టును అదే రోజు ఊడ్పించండి.

కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట: ఒట్టి జింకు పూత రేకులు ఒడ్డున దండగ. అల్యూమినియం 55 శాతం, జింకు 43.4, సిలికాన్ 1.6 శాతం ఉండే మిశ్రమ పూత, దాని మీద రంగు పూత ఉన్నవి మేలు. అలల తుంపర తగిలే మొదటి వరస ఇళ్లకైతే నేను పూర్తి అల్యూమినియం రేకే వేయమంటాను. గ్యారంటీ కాగితంలో సముద్రానికి ఎంత దూరం వరకు అది వర్తించదో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివి డబ్బు కట్టండి.

శ్లాబు అడుగున తిన్నటి పగుళ్లు, పెచ్చులు

మన తీరంలో ఎక్కువ ఇళ్లకు పైకప్పు శ్లాబే కాబట్టి ఇది అన్నిటికన్నా పెద్ద సమస్య. టేపు పెట్టి పగుళ్ల మధ్య దూరం కొలవండి. ఆరంగుళాలకో ఎనిమిదంగుళాలకో ఒకటి చొప్పున వరసగా వస్తే అవి చువ్వల మీద పడ్డ పగుళ్లే. సుత్తి పిడితో తడుతూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల కుండ మీద కొట్టినట్టు ఉంటుంది. డొల్ల ఉన్నంత మేరా సుద్దతో గీత గీస్తే, కంటికి కనిపించిన పగులు కన్నా జబ్బు ఎంత పెద్దదో తెలుస్తుంది.

సిమెంటుకున్న క్షారగుణం వల్ల కాంక్రీటులోని ఇనుము మీద పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు చువ్వ దాకా చేరితే ఆ పొర తెగిపోతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అడుగున ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. క్లోరైడు గాలితోనే రానక్కర్లేదు. సముద్రపు ఇసుకతోనూ, ఉప్పు బోరు నీళ్లతో కలపడంలోనూ, అవే నీళ్లతో శ్లాబును తడపడంలోనూ మనమే లోపల పోసి ఉండవచ్చు.

పెచ్చు ఊడిన చోట పుట్టీ పెట్టి రంగు వేస్తే మరుసటి ఏడాది రెండింతలు ఊడుతుంది. డొల్లగా ఉన్నదంతా కొట్టేయాలి. తుప్పు లేని చువ్వ కనిపించేదాకా పొడుగునా, చువ్వ వెనక వేలు దూరేంత లోతునా తవ్వాలి. ఇనుము తెల్లగా మెరిసేలా శుభ్రం చేసి, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. చువ్వ లావు కంటికి తెలిసేంత తగ్గితే మేస్త్రీతో ఆగక ఇంజినీరును పిలవండి, పక్కన కొత్త చువ్వ వేయవలసి రావచ్చు. ఇంత చేసినా మాసిక అంచున మళ్లీ తుప్పు మొదలవడం నేను చూశాను. చుట్టూ ఉన్న పాత కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంటుంది, బాగుచేసిన చోట ఆగిన తుప్పు పక్కకు జరుగుతుంది. మాసిక అంచుల్లో చువ్వకు కట్టే చిన్న జింకు బిళ్లలు దొరుకుతాయి. ఇనుముకు బదులు అవి కరుగుతాయి. ఖర్చు ఎక్కువే, కానీ ఒడ్డు ఇళ్లకు పనికొస్తాయి.

కొత్త శ్లాబు వేస్తున్నవాళ్లు ఈ బాధ మొదట్లోనే తప్పించుకోవచ్చు. సముద్ర తీర వాతావరణానికి ఐ.ఎస్. 456 (2000) అనే భారతీయ ప్రమాణం చెప్పేది ఎం30 బలం ఉన్న కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం), నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదని. తుంపర నేరుగా తగిలితే ఎం35, 50 మిల్లీమీటర్లు. మేస్త్రీలు అలవాటు కొద్దీ పెట్టే ముప్పావు అంగుళం కవరు బిళ్ల ఇందులో సగం కూడా కాదు. అయితే చెప్పాపెట్టకుండా బిళ్ల ఒక్కటీ మార్చకండి. కవరు పెరిగితే శ్లాబు మందం లెక్క మారుతుంది, అది డిజైన్‌లోనే రావాలి. కలిపే నీళ్లను పరీక్షకు పంపండి. అదే ప్రమాణం ప్రకారం చువ్వలున్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

గాలి వస్తే మూల రేకు టపటపమంటుంది

ఈ శబ్దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు రేకులు కాగితాల్లా ఎగరడం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం, నిజానికి పైకి పీకుతుంది. మూలల్లో, అంచుల్లో, కొప్పు దగ్గర ఆ లాగుడు మరీ ఎక్కువ. విశాఖలో డిజైన్‌కు తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

రేకు నడుమ స్క్రూలు ఎడంగా ఉన్నా, అంచుల్లో, మూలల్లో ప్రతి మిట్ట మీదా ఒకటి ఉండాలి. అడుగున పర్లిన్లను (రేకులను మోసే అడ్డ కమ్మీలను) అంచుల దగ్గర దగ్గరదగ్గరగా వేయించండి. అసలు పరీక్ష ఇంకా కింద ఉంది: ట్రస్సు (కప్పును మోసే చట్రం) గోడ మీద ఊరికే కూర్చుందా, కాంక్రీటు బెల్టులోకి బోల్టుతో దిగిందా చూడండి. ఊరికే కూర్చుంటే రేకుకెన్ని స్క్రూలు వేసినా కప్పు మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. ఎండకని పొడుగ్గా తీసిన చూరు గాలికి పట్టు ఇస్తుంది. కొత్తగా కట్టుకుంటే నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు, రెండు వైపులా వాలున్నదాని కన్నా తుఫానుకు బాగా నిలుస్తుంది.

పెంకులు పొడి రాలడం, సిమెంటు రేకులు పగలడం

పెంకు సరిగ్గా కాలకపోతే ఉప్పు నీరు లోపలికి ఇంకి, ఆరినప్పుడు స్ఫటికాలై పైపొరను రాల్చేస్తుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి, బాగా కాలినది గంటలా మోగుతుంది. రాలే పెంకుకు రంగు వేసి లాభం లేదు, మార్చాలి. బాగా కాలిన మంగుళూరు పెంకు మాత్రం ఉప్పుకు ఉక్కు కన్నా మెరుగు. దాన్ని వాసాలకు కట్టే తీగ మాత్రం మామూలు ఇనుపది కాకూడదు.

సిమెంటు రేకులు తుప్పు పట్టవు, వాటి జె హుక్కులు పడతాయి. తుప్పుతో ఉబ్బిన హుక్కు రంధ్రం చుట్టూ రేకును చీలుస్తుంది. పాత ఆస్‌బెస్టాస్ రేకులైతే పొడిగా ఉండగా రంధ్రం వేయవద్దు, పగలగొట్టవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, హుక్కు విప్పి, రేకును ముక్కలు కాకుండా దించాలి. పైన నడవాల్సి వస్తే అడుగున పర్లిన్ ఉన్న వరస మీద చెక్క పలక వేసుకునే నడవండి.