అటక మీది అమిగా 500: స్విచ్ వేసేది అన్నిటికన్నా చివర్లో

కమొడోర్ కంపెనీ 1987లో తెచ్చిన అమిగా 500 అనే ఇంటి కంప్యూటర్‌లో కీబోర్డు, మదర్‌బోర్డు, ఫ్లాపీ డ్రైవ్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. మోటరోలా 68000 ప్రాసెసర్, పాల్ (యూరప్, మన దేశపు టీవీ పద్ధతి) మోడల్‌కి 7.09 మెగాహెర్ట్జ్ వేగం, 512 కేబీ మెమరీ. ఆగ్నస్, డెనీస్, పౌలా అనే మూడు చిప్పులు బొమ్మ, శబ్దం పని పంచుకుంటాయి కాబట్టి ప్రాసెసర్‌కు ఊపిరాడుతుంది. కంపెనీ 1994లో దివాలా తీసింది. అభిమానులు మాత్రం ఆ పెట్టెను ఇప్పటికీ వదల్లేదు. ఆటలు ఆడుకోవడమే కావాలంటే ఇప్పటి కంప్యూటర్‌లో అమిగాను అనుకరించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ చాలు, దానికింత తంటా అక్కర్లేదు. అసలు యంత్రమే కావాలనుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఏ మార్పు చేసినా రేపు వెనక్కి తీసేయగలిగేలా చెయ్యాలి. డబ్బాకు కోత పెడితే అది మళ్లీ అతకదు.

ఏళ్ల తరబడి అటక మీదున్న యంత్రాన్ని దింపగానే ప్లగ్గు పెట్టెయ్యకండి. ముందు తిరగేసి, అడుగున ఉన్న చిన్న తలుపు తీయండి. లోపల ఏ501 అనే 512 కేబీ మెమరీ కార్డు గానీ, దాని నకలు గానీ ఉంటే, దాని మీద గడియారం కోసం 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. చాలా అమిగాల ప్రాణం తీసింది ఇదే. కారిన ద్రవం క్షారం. రాగి దారులను తినేస్తూ పచ్చగా, నీలంగా బూజులాంటి పొర వదిలి, కనెక్టర్ పిన్నుల మీదుగా మదర్‌బోర్డు దాకా పాకుతుంది. బ్యాటరీ బాగానే కనిపించినా కత్తిరించి తీసేయండి. గడియారం ఒక్కటే ఆగుతుంది, యంత్రానికి ఏమీ కాదు. 1991లో వచ్చిన 500 ప్లస్‌లో ఈ బ్యాటరీ నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటుంది, అక్కడ ఇంకా తొందరపడాలి.

కారిన చోట తెల్ల వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రుద్దండి. నురగ ఆగిందంటే క్షారం విరిగినట్టు. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్‌ను అలాగే వదిలేస్తే అది ఇంకో తుప్పుకు దారి. గడియారం కావాల్సిందే అనుకుంటే సీఆర్2032 లిథియం బిళ్ల బ్యాటరీకి హోల్డర్ పెట్టుకోవచ్చు గానీ, దానికి వరుసలో ఒక 1ఎన్4148 డయోడ్ తప్పనిసరి. పాత బ్యాటరీ ఛార్జింగ్‌ది కాబట్టి బోర్డు దానికి కరెంటు పంపుతూనే ఉంటుంది. లిథియం బిళ్లకు అది ఎక్కితే ప్రమాదం.

తర్వాత పవర్ సప్లై. ముందు దాని మీద రాసిన వోల్టేజీ చదవండి. యూరప్ నుంచి వచ్చినదైతే మన 230 వోల్టులకు సరిపోతుంది. అమెరికా నుంచి సామాన్లతో పాటు వచ్చినదైతే అది 120 వోల్టులది, ఇక్కడి ప్లగ్గులో పెడితే పొగే. సప్లై ఇచ్చేవి మూడు: +5, +12, −12 వోల్టులు. మల్టీమీటర్‌తో యంత్రానికి తగిలించకుండానే కొలవండి. +5 లైన్ 4.75 నుంచి 5.25 మధ్య లేకపోతే ఆ సప్లైని బోర్డుకు తగిలించవద్దు. యంత్రం నడుస్తున్నప్పుడు ఫ్లాపీ డ్రైవ్ పవర్ కనెక్టర్ దగ్గర ఇంకోసారి కొలవాలి, ఎందుకంటే లోడ్ లేనప్పుడు బాగున్న సప్లై కూడా లోడ్ పడగానే కుంగిపోవచ్చు. అక్కడ 4.8 కన్నా తగ్గితే యంత్రం తనంతట తాను రీసెట్ అవుతూ, ఎర్ర అక్షరాల గురు మెడిటేషన్ (అమిగా కుప్పకూలినప్పటి సందేశం) చూపిస్తూ సతాయిస్తుంది. చాలామంది అప్పుడు మెమరీని అనుమానించి రోజులు పోగొట్టుకుంటారు.

కొత్త సప్లై కొంటే మూడు వోల్టేజీలూ ఉన్నదే కొనండి. −12 లేని చవక సప్లైతో యంత్రం లేస్తుంది గానీ, శబ్దం, సీరియల్ పోర్టు దెబ్బతింటాయి. మీన్‌వెల్ ఆర్‌టీ-65బీ లాంటి మాడ్యూల్‌ను పాత సప్లై డబ్బాలోనే అమర్చి, పాత తీగనే వాడుకోవడం మంచి పద్ధతి. 230 వోల్టుల వైపు పని మీకు అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.

డబ్బా విప్పడానికి అడుగున ఆరు స్క్రూలు. కొన్నింటికి ప్లస్ స్క్రూడ్రైవర్, కొన్నింటికి నక్షత్రం ఆకారపు టీ10. కీబోర్డు తీగ ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రేకు కవచానికి మడతపెట్టిన నాలుకలుంటాయి, వాటిని పదేపదే వంచితే విరుగుతాయి. లోపలి పెద్ద చిప్పులు ఎక్కువగా సాకెట్లలోనే ఉంటాయి. ఇన్నేళ్లలో కాళ్లకు చిలుము పట్టి కాంటాక్టు పోవడం మామూలే, కాబట్టి ఒక్కొక్కటి కొంచెం పైకి లేపి మళ్లీ నొక్కండి. చతురస్రాకారపు ఆగ్నస్ జోలికి మాత్రం స్క్రూడ్రైవర్‌తో వెళ్లకండి. సాకెట్ మూల పగిలితే మొత్తం సాకెట్ మార్చాలి. దానికి పీఎల్‌సీసీ పుల్లర్ అని చిన్న పటకారు దొరుకుతుంది.

కెపాసిటర్లన్నీ మార్చేయమని సలహాలు చాలా వస్తాయి. అమిగా 600, 1200లకు అది నిజం, వాటి సర్ఫేస్ మౌంట్ కెపాసిటర్లు కారతాయి. 500లో ఉన్నవి కాళ్లున్న పాతకాలపువి, చాలావరకు గట్టివి. ఉబ్బినదో కారినదో కనిపిస్తేనే మార్చండి. బాగున్న బోర్డు మీద అనుభవం లేని చేత్తో సోల్డరింగ్ చేస్తే, కెపాసిటర్ చెయ్యని నష్టం సోల్డరింగ్ గన్ చేస్తుంది.

ఇప్పుడు స్విచ్. మెమరీ కార్డు పెట్టకుండా, జాయ్‌స్టిక్, ప్రింటర్ ఏవీ లేకుండా. అమిగా తన జబ్బును రంగుల్లో చెబుతుంది. ముదురు బూడిద, లేత బూడిద, తెలుపు వరుసగా వచ్చి, కిక్‌స్టార్ట్ (యంత్రాన్ని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) 1.3లో ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ కనిపిస్తే బోర్డు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎరుపు దగ్గర ఆగితే కిక్‌స్టార్ట్ రోమ్ చిప్పు, అంటే శాశ్వత మెమరీ, సరిగా చదవడం లేదు. ఆకుపచ్చ అయితే చిప్ మెమరీ గానీ ఆగ్నస్ సాకెట్ గానీ. నీలం అయితే ఆగ్నస్, డెనీస్, పౌలా అనే కస్టమ్ చిప్పుల్లో ఒకటి. పసుపు వస్తే ప్రాసెసర్ దారి తప్పింది, చాలాసార్లు కారణం కాంటాక్టే. తెర నల్లగా ఉండి, పవర్ లైటు మసకగానే ఉండిపోతే కిక్‌స్టార్ట్ పని మొదలే కాలేదని అర్థం. క్యాప్స్ లాక్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే అది కీబోర్డు సొంత ఫిర్యాదు.

పోర్టులను, డ్రైవ్‌ను చూసుకునే 8520 అనే రెండు సీఐఏ చిప్పులు సున్నితమైనవి. యంత్రం ఆన్‌లో ఉండగా జాయ్‌స్టిక్, ప్రింటర్ తీగలు పెడితే, తీస్తే పోయేవి ఇవే. రెండూ ఒకే రకం కాబట్టి పరీక్ష సులువు: డ్రైవ్ కదలని యంత్రంలో వాటిని తారుమారు చేసి చూడండి. డ్రైవ్ కదిలి, ఫైర్ బటనో ప్రింటర్ పోర్టో మొరాయిస్తే చిప్పు దొరికినట్టే.

బొమ్మ దగ్గర ఒక అపోహ ఉంది. అమిగా 500 వెనకున్న కాంపోజిట్ సాకెట్‌ను టీవీ ఏవీకి కలిపితే నలుపు తెలుపే వస్తుంది. లోపమేమీ లేదు, అది అలాగే తయారైంది. రంగు కావాలంటే 23 పిన్నుల ఆర్‌జీబీ పోర్టు వాడాలి. అది పంపేది 15.6 కిలోహెర్ట్జ్ సిగ్నల్. మామూలు వీజీఏ మానిటర్ 31 నుంచి మొదలవుతుంది కాబట్టి తీగ కలిపినంత మాత్రాన బొమ్మ రాదు. యూరప్‌లో స్కార్ట్ సాకెట్ ఉన్న టీవీలు దీనికి సరిపోయేవి, మన ఇళ్లలోని టీవీలకు ఆ సాకెట్ లేదు. తేలికైన దారి ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డు: డెనీస్ చిప్పును తీసి, దాని సాకెట్‌లో ఈ బోర్డు, బోర్డు మీద డెనీస్, పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై జీరో. సిగ్నల్‌ను డిజిటల్‌గానే అందుకుంటుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా ఉంటుంది, వద్దనుకుంటే ఊడదీసేయొచ్చు.

ఫ్లాపీ డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు టిక్ టిక్ అంటుంటే భయపడకండి. డిస్కు పెట్టారా అని చూసుకోవడం అది. చదవడం లేదంటే ముందు హెడ్డును ఆల్కహాల్‌తో తుడవండి. పాత పీసీ డ్రైవ్ తీసుకొచ్చి నేరుగా తగిలిస్తే నడవదు, రెండింటి సిగ్నల్ పిన్నులు వేరు.

చాలామందికి ఫ్లాపీ డ్రైవ్ బదులు పెన్‌డ్రైవ్‌తో పనిచేసే గోటెక్ మేలు. ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ ఎక్కించి, ఎస్0 జంపర్ ఒక్కటే పెట్టి, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఏడీఎఫ్ ఫైళ్లు (ఒక్కొక్కటి ఒక అమిగా ఫ్లాపీ మొత్తానికి నకలు) వేస్తే చాలు. మామూలు ఏడీఎఫ్ కచ్చితంగా 9,01,120 బైట్లుంటుంది. ఆ అంకె తేడాగా ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగిందేమో చూసుకోండి. గోటెక్ బటన్లు బయటికి రావాలని డబ్బా కోసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. పాత డ్రైవ్ చోట సరిపోయే త్రీడీ ప్రింట్ చట్రాలు దొరుకుతాయి. తీసిన డ్రైవ్‌ను సంచిలో కట్టి దాచండి.

పాత ఫ్లాపీల్లోని సరుకు కాపాడాలంటే గ్రీజ్‌వీజల్ బోర్డు, ఒక పీసీ ఫ్లాపీ డ్రైవ్ కావాలి. అమిగా ఒక్కో ట్రాక్‌లో 11 సెక్టార్లను ఖాళీ లేకుండా ఒకేసారి రాస్తుంది, అందుకే పీసీ ఫ్లాపీ కంట్రోలర్‌కు ఆ డిస్కు అర్థం కాదు. గ్రీజ్‌వీజల్ అయస్కాంత సంకేతాన్నే నేరుగా చదువుతుంది. కొత్తగా రాయాలంటే డబుల్ డెన్సిటీ డిస్కులే వాడండి. 1.44 ఎంబీ డిస్కు రంధ్రానికి టేపు అతికించి రాస్తే కొన్నాళ్లకు చెరిగిపోయే అవకాశం ఎక్కువ.

డిస్కు పెట్టే ముందు ఇనుప మూత జరిపి, చేత్తో తిప్పుతూ లైటు వెలుగులో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాచిన డిస్కుల మీద తెల్లటి బూజు చుక్కలు కనిపించవచ్చు. వాటిని డ్రైవ్‌లో పెడితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టే మంచి డిస్కులనూ గీరేస్తుంది. మూత దగ్గరి నుంచి ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో రెండు వైపులా తుడిచి, ఆరాక ఒక్కసారి చదివించి ఏడీఎఫ్ తీసుకోండి. వెంటనే డ్రైవ్ హెడ్డు తుడవండి. ప్రతి బూజు డిస్కు తర్వాతా ఈ పని చెయ్యాల్సిందే.