తోలు పనికి కత్తి ఎలా ఎంచుకోవాలి: కొట్లో దొరికే కట్టరా, కొలిమిలో చేయించిన కత్తా?

పర్సో, బెల్టో సొంతంగా కుట్టుకుందామని తోలు ముక్క కొనగానే వచ్చే మొదటి సందేహం కత్తి గురించే. ఆన్‌లైన్‌లో చూస్తే అర్ధచంద్రాకారపు కత్తులు, నున్నటి పిడులు, వేలల్లో ధరలు. వీధి చివర హార్డ్‌వేర్ కొట్లో చూస్తే వందా నూటయాభైకి కట్టర్. ఏది కొనాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. మొదట చౌక కట్టర్ కొనండి. మిగిలిన డబ్బులో కొంత నూరుకునే సరంజామాకి పెట్టండి. చేత్తో చేసిన కత్తి ఆ తర్వాత, అది కూడా వీలైతే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంకా మండుతున్న కొలిమిలోనే చేయించుకోండి.

1. ఏం కొయ్యబోతున్నారో తేల్చుకోండి

తోలు పనిలో కత్తికి రెండు రకాల పని ఉంటుంది. ఒకటి కొయ్యడం: తిన్నగానో, వంపుగానో. రెండోది చెక్కడం, అంటే మడత పెట్టే చోట, రెండు ముక్కలు అతికే చోట అంచుని పలచన చేయడం. పర్సు తోలు మామూలుగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. బెల్టు తోలు మూడు నుంచి నాలుగు. కొయ్యడం వరకూ రెండింటికీ కట్టర్ సరిపోతుంది. చెక్కడానికి మాత్రం పనికిరాదు. దాని బ్లేడు పలచన, ఒత్తితే వంగుతుంది. పైగా రెండు వైపులా వాలు (అంచు దగ్గర ఏటవాలుగా అరగదీసిన భాగం) ఉంటుంది కాబట్టి తోలు మీద పడుకోబెట్టి తోస్తే లోపలికి దిగిపోతుంది. చెక్కే కత్తికి ఒక వైపు అద్దంలా చదునుగా ఉండాలి, వాలు రెండో వైపే ఉండాలి.

ఈ తేడా తెలిస్తే సగం డబ్బు మిగిలినట్టే. కొయ్యడానికి ఖరీదైన కత్తి అక్కర్లేదు.

2. కట్టర్‌ని చూసి కొనండి

వెడల్పు 9 మిల్లీమీటర్లది వంపులకి, 18 మిల్లీమీటర్లది బెల్టులకి. కొట్లోనే బ్లేడు ఒక గడి బయటికి తీసి లాక్ వేసి, వేలితో పక్కకి కదిపి చూడండి. లొటలొటలాడితే వద్దు, గీత తప్పుతుంది. లోహపు పిడిలో బ్లేడు బిగుతుగా కూర్చునేది పాతిక రూపాయలు ఎక్కువైనా తీసుకోండి.

గడులుగా విరిచే ఈ బ్లేడుని జపాన్‌లో 1956లో కనిపెట్టారు. అది తర్వాత ఓల్ఫా పేరుతో అమ్ముడైంది. చెప్పులు కుట్టేవాళ్లు పగిలిన గాజు ముక్కతో కోసుకుంటూ, మొద్దుబారగానే మళ్లీ విరిచి కొత్త అంచు తెచ్చుకోవడం చూసిన జ్ఞాపకమూ, గడుల చాక్లెట్ బిళ్లా కలిసి ఆ ఆలోచన ఇచ్చాయని చెబుతారు. అంటే కట్టర్ పుట్టుకలోనే తోలు పని ఉంది. దాన్ని తక్కువగా చూడకండి.

వాడేటప్పుడు ఒకటి రెండు గడులే బయటికి తీయండి. స్టీలు స్కేలు ఆనించి, ఒక్కసారిగా నొక్కకుండా రెండు మూడు సార్లుగా కొయ్యండి. స్కేలు పట్టిన చేతి వేళ్లు గీతకి ఎప్పుడూ దూరంగా ఉండాలి. కోత బరువెక్కిందనిపించగానే గడి విరిచేయండి. పట్టకారుతో విరిచి, ముక్కని మూత ఉన్న డబ్బాలో వేయండి.

3. నూరడం చేతికి తెచ్చుకోండి

చేత్తో చేసిన కత్తి కొనేముందు ఇది రాకపోతే, ఎంత గొప్ప కత్తైనా రెండు నెలల్లో పనికిరాకుండా పోతుంది. నూరడం రానివాళ్లే ఖరీదైన కత్తి కొని, అది మంచిది కాదంటారు.

మొదట్లో సానరాయి కూడా అక్కర్లేదు. పెయింట్ల కొట్లో వాటర్ పేపర్లు (తడిపి వాడే గరుకు కాగితాలు) దొరుకుతాయి: 400, 800, 1000, 2000 నంబర్లవి తీసుకోండి. మందపాటి అద్దం ముక్క మీద నీళ్లతో అంటించండి. కత్తి వాలు మొత్తం కాగితానికి ఆనేలా ఉంచి, అంచు వెనక్కి ఉండేలా లాగండి. ముందుకి తోస్తే కాగితం తెగుతుంది. కాసేపటికి అవతలి వైపు అంచు వెంట సన్నటి పొర వేలికి గరుకుగా తగులుతుంది. వేలిని అంచు వెంట కాదు, అంచుకి అడ్డంగా బయటికి జరిపి చూడండి. ఆ పొర ఈ కొస నుంచి ఆ కొస దాకా వచ్చాకే తర్వాతి నంబరు కాగితానికి వెళ్లండి. తొందరపడేవాళ్లు ఇక్కడే ఆగకుండా దాటేస్తారు, ఆపైన ఎంత మెరుగు పెట్టినా పదును రాదు.

చివర్లో పాత బెల్టు ముక్కని గరుకు వైపు పైకి వచ్చేలా చెక్కకి అంటించి, ఆకుపచ్చ పాలిషింగ్ ముద్ద రాసి, దాని మీద కత్తిని వెనక్కి లాగండి. పని మధ్యలో అప్పుడప్పుడూ ఇదే చేస్తుంటే కాగితం దాకా వెళ్లే అవసరం చాలా తగ్గుతుంది.

4. రంపె పట్టే చేతిని చూడండి

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ముందు కూర్చుని పది నిమిషాలు చూడండి. ఆరె (తోలుకి బెజ్జం వేసే సూది), రంపె, రాయి: ఇవే ఆయన పనిముట్లు. రంపె అంటే వెడల్పాటి అంచున్న చదును కత్తి. దాన్ని తోలు మీద దాదాపు పడుకోబెట్టి, ఒంటికి దూరంగా తోస్తూ చెక్కుతారు. ఆన్‌లైన్‌లో విదేశీ పేర్లతో అమ్మే చెక్కుడు కత్తుల పని కూడా ఇదే. తరాలుగా మాదిగ కులస్తుల చేతుల్లో సానదేరిన పనిముట్టు ఇది. దానికి దక్కాల్సిన గౌరవం మన దగ్గర ఇంకా దక్కలేదు. అడిగితే చూపిస్తారు. వాళ్ల సమయానికి డబ్బివ్వడం మర్చిపోకండి.

చెక్కడానికి కింద నున్నటి రాయి కావాలి. మన శ్రీకాకుళం జిల్లా టెక్కలి గ్రానైట్‌కి పేరున్నది. రాళ్లు కోసే చోట పాలిష్ చేసిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. కొయ్యడానికి మాత్రం రాయి వద్దు, అంచు పోతుంది. కింద రబ్బరు మ్యాటో, మెత్తని చెక్కో ఉండాలి.

5. కమ్మరికి ఏం చెప్పాలి

ఊరికే "కత్తి కావాలి" అంటే "ఏటి కోస్తారు బాబూ దీంతో?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కత్తులూ కొడవళ్లూ చేసే చేతికి తోలు కత్తి కొలత కొత్త. అందుకని అట్టముక్క మీద అసలు సైజులో బొమ్మ గీసి పట్టుకెళ్లండి. అంచు వెడల్పు నాలుగు సెంటీమీటర్లు, మందం రెండు మిల్లీమీటర్లు మొదటి కత్తికి బాగుంటాయి. వాలు ఒకే వైపు, 15 నుంచి 20 డిగ్రీల మధ్య. మీది ఎడమచేతి వాటమైతే అది ముందే చెప్పండి, వాలు రెండో వైపుకి మారాలి.

ఉక్కు విషయానికొస్తే, మన దగ్గర ఎక్కువగా లారీ కమాను పట్టీ వాడతారు. మంచి ఉక్కే. కానీ బండి కింద ఉన్నప్పుడు అది వంగి లేవాలి కాబట్టి కత్తికి కావాల్సినంత గట్టిగా ఉండదు. దాన్ని ఊరికే అరగదీసి పదును పెట్టి ఇస్తే మూడో రోజుకే మొద్దుబారుతుంది. కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచాలి. ఎంత కాల్చాలన్నదానికి అయస్కాంతం దగ్గర పెట్టుకోమనండి: ఉక్కు ఎర్రబారి అయస్కాంతానికి అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకాస్త వేడి చేసి ముంచాలి. ఈ ఉక్కుని నీళ్లలో ముంచితే బీటలు పడే ప్రమాదం ఉంది. చల్లారాక ఆకురాయితో రుద్దితే పట్టకుండా జారాలి.

అలా వదిలేస్తే పెళుసుగా ఉండి అంచు పెచ్చులూడుతుంది. అందుకే సుమారు 200 డిగ్రీల దగ్గర గంటసేపు, రెండుసార్లు వేడి చేయాలి. ఇంట్లో ఓవెన్ ఉంటే మీరే చేసుకోవచ్చు. మెరుగుపెట్టిన చోట లేత పసుపు రంగు తిరిగితే సరిగ్గా కుదిరినట్టు. ఆ తర్వాత గ్రైండింగ్ చక్రం మీద పెట్టినప్పుడు అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. నీళ్లలో ముంచుతూ నెమ్మదిగా పట్టమని అడగండి, అవసరమైతే పక్కన నిలబడండి.

తయారీదారు దగ్గర ఖరీదైన కత్తి ఎప్పుడు కొనాలంటే, రోజూ గంటల తరబడి చెక్కే పని ఉన్నప్పుడు. ఏ ఉక్కు, రాక్‌వెల్ కొలతలో ఎంత గట్టిదనం, వాలు ఏ వైపు అని అడగండి. 60 దగ్గరగా ఉంటే మంచిది. ఉక్కు పేరు చెప్పకుండా డమాస్కస్ చారలు (ఉక్కు మీద అలల్లా కనిపించే గీతలు) చూపించి అమ్మేవాటి జోలికి వెళ్లకండి. చారలు తోలు కొయ్యవు.

6. తుప్పు, నల్లమచ్చ

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కొలిమి కత్తి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. పని అయ్యాక తుడిచి, కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు రాయండి. తోలు ఒరలో వదిలేయకండి, తోలు తేమ పడుతుంది.

తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో ఊనిన (అంటే శుద్ధి చేసిన) తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది. కలంకారీలో నల్లరంగు వచ్చేది ఈ కరక్కాయ, ఇనుము కలయికతోనే. తడి తోలు కొయ్యాల్సి వస్తే స్టెయిన్‌లెస్ బ్లేడు వేసుకోండి. మచ్చ అప్పటికే పడితే నిమ్మరసం పలచగా రాసి, పోయాక తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి.